స్వీడన్‌లో కారు, మన్యంలో చింతచెట్టు

2022 అక్టోబరు నాటి మాట. దీపావళి టపాకాయల కొట్లు ఇంకా తెరవలేదు గానీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో పేలుళ్లు అప్పుడే మొదలయ్యాయి. ప్రతి సెల్‌ఫోన్ దుకాణం ముందూ ఒక స్పీకరు, ఒక మైకు, ఒక కుర్రాడు. "5జీ వచ్చేసింది, ఇంకా 4జీ ఏంటి సార్?" అని దారిన పోయే ప్రతివాణ్నీ నిలదీస్తున్నాడు. ఎక్కడికి వచ్చేసింది నాయనా? ఒక కంపెనీ జాబితాలో ఎనిమిది ఊళ్లున్నాయి. ఇంకో కంపెనీకి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, వారణాసి. భూతద్దం పెట్టి వెతికినా ఈ రెండింటిలో ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటి లేదు. సిలిగురి ఉంది, విజయవాడ లేదు. సిలిగురి జనం మీద నాకు పగేమీ లేదు, చల్లగా ఉండమనండి. అక్కడ పడ్డ సిగ్నల్‌ను చూపించి ఇక్కడ నా జేబులో చెయ్యి పెట్టడమేమిటని నా బాధ.

అడిగితే కుర్రాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఫ్యూచర్‌కి సేఫ్ సార్." ఇదే ఫోను 5జీ లేకుండా అయితే నాలుగైదు వేలు తక్కువ. ఆ తేడా డబ్బు ఫ్యూచర్ తాలూకు అడ్వాన్సన్నమాట. రైలు పట్టాలు పడని ఊళ్లో సీజన్ టికెట్టు అమ్మినట్టుంది. పైగా రైలు వచ్చేనాటికి ఆ టికెట్టు చెల్లుతుందో లేదో అమ్మేవాడికీ తెలియదు.

తెలియదని ఊరికే అనడం లేదు. దేశంలో మొదటి 5జీ ఫోనంటూ రియల్‌మీ వాళ్లు 37,999 రూపాయలతో మొదలుపెట్టి ఒకదాన్ని దింపింది 2020 ఫిబ్రవరి 24న. సరిగ్గా నెలకు దేశానికే తాళం పడింది. 5జీ స్పెక్ట్రమ్ వేలం జరిగింది 2022 జూలై ఆఖర్లో. సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న. అంటే మొదటి రోజున ఎగబడి కొన్నవాళ్లు రెండున్నరేళ్లకు పైగా ఫోన్‌లో లేని గుర్తు కోసం ఎదురుచూశారు. ఈలోగా బ్యాటరీ సగం చచ్చింది, గాజు పగిలింది. కొన్నింటికి కంపెనీ అప్‌డేట్లు పంపడం కూడా మానేసే వయసొచ్చింది.

మా బావమరిది ఆ భక్తబృందంలో వాడే. కాకపోతే కాస్త ఆలస్యంగా, 2020 దసరాకి కొన్నాడు. కొన్న రోజే నా ముందు టేబుల్ మీద పెట్టి, "బావా, ఇంకో అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నిజంగానే దాన్లో చూసుకోవడానికి ఏమీ రాలేదు. మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు పనిగట్టుకుని హైటెక్ సిటీ అంతా తిరిగొచ్చాడు. అక్కడ సిగ్నల్ ఉన్నా ఇతగాడి ఫోను పట్టలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రావాలట! ఇతనిది మామూలు ఫోనులెండి. లక్ష పెట్టి ఐఫోన్ కొన్న మారాజులకు కూడా డిసెంబరులోనే ఆ అప్‌డేట్. కేంద్రం వారు ఫోన్ కంపెనీలనూ టెలికాం కంపెనీలనూ ఒకచోట కూర్చోబెట్టి, త్వరగా కానివ్వండయ్యా అని చెప్పాల్సి వచ్చింది. రెండేళ్ల నుంచి డబ్బాల మీద 5జీ అని అచ్చువేసి అమ్ముతున్న వాళ్లకు, 5జీ వచ్చిన రోజున ఫోను పనిచెయ్యాలన్న సంగతి ఇంకొకరు గుర్తు చెయ్యాలి.

సరే, అప్‌డేటూ వచ్చింది, సిగ్నలూ వచ్చిందనుకుందాం. వస్తే ఏమవుతుంది? ఇక్కడ కుర్రాడు మైకు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు చెబుతాడు. "పది సెకన్లలో సినిమా మొత్తం డౌన్‌లోడ్ సార్." ఈ పది సెకన్ల సినిమా మూడేళ్లుగా నా ప్రాణం తీస్తోంది. బ్యాంకు క్యూలో విన్నాను, పెళ్లి భోజనాల దగ్గర విన్నాను, చివరికి మా బావమరిది నోటా విన్నాను. అందుకే ఈసారి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

కుర్రాడు చెప్పే వేగం సెకనుకు ఒక గిగాబిట్. నేను బేరమాడి 600 మెగాబిట్లకు దించాను. అంటే సెకనుకు 75 మెగాబైట్లు. నా ప్యాక్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ. హైదరాబాద్‌లో 5జీ మొదలుపెట్టిన కంపెనీ ప్రస్తుతానికి ఉన్న 4జీ ప్యాక్‌లోంచే వాడుకోమంటోంది. 75తో భాగించండి. ఇరవై సెకన్లు. పొద్దున లేచి, పళ్లు తోముకోకముందే, ఇరవై సెకన్లలో ఆ రోజు నెట్టు ఖతం! మిగిలిన 23 గంటల 59 నిమిషాల 40 సెకన్లూ సెకనుకు 64 కిలోబిట్లతో గడపాలి. పాతికేళ్ల కింద టెలిఫోన్ తీగకు మోడెం తగిలించి, కీచుమని అరిపించి పట్టిన వేగం దాదాపు అదే.

ఇక సినిమా సంగతి. మన తెలుగు సినిమా, రెండున్నర గంటలది, కాస్త బొమ్మ బాగుండాలంటే రెండు జీబీలైనా ఉంటుంది. నా కోటా ఒకటిన్నర. అంటే ఇంటర్వెల్ దాటి, విలన్ హీరో చెల్లెల్ని జీపులో ఎత్తుకుపోయే చోట నెట్టు ఆగిపోతుంది. మిగతా అర జీబీని 64 కిలోబిట్ల వేగంతో దించుకోవాలంటే లెక్కకు పదిహేడు గంటలు దాటుతోంది. పదిహేడు గంటలు ఆ పిల్ల జీపులోనే ఉండాలి.

రెండు జీబీల ప్యాక్ వేసుకోండి అంటాడు బావమరిది. వేసుకుంటాను. చెల్లెల్ని కాపాడతాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ వాట్సాప్‌లో ఫోటో తెరుచుకోదు. పోనీ, అసలు ఈ దేశంలో సినిమా డౌన్‌లోడ్ చేసుకుని చూసేవాడెవడు? అందరూ ఆన్‌లైన్‌లోనే చూస్తున్నారు. దానికి సెకనుకు అయిదారు మెగాబిట్లు చాలు, 4జీ సరిగ్గా అందితే అంతకు రెట్టింపే వస్తుంది. సరిగ్గా అందితే! మా వీధి మలుపులో మాత్రం ఫోను మాట్లాడాలంటే డాబా ఎక్కాలి. రెండో కంపెనీ వాళ్లు కొన్నాళ్లు లెక్కలేకుండా వాడుకోండి అంటున్నారు, కాకపోతే ఆ నాలుగు ఊళ్లలో, వాళ్లు పిలిచినవాళ్లకే. పేరంటం అన్నమాట.

సైబర్ దొంగలు మాత్రం ఊరి జాబితా చూసుకోలేదు. మీ సిమ్ 5జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి అంటూ వాళ్ల సేవలు అందరికంటే ముందు మొదలైపోయాయి. 5జీ ఉంటే ఎక్కడో కూర్చుని డాక్టరు ఇంకెక్కడో ఆపరేషన్ చేస్తాడంటున్నారు. మా వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దగ్గర కూర్చుని చూస్తే చాలు. ఈ దశాబ్దం చివరికి 6జీ కూడా అని ప్రధాని ఆగస్టులోనే ప్రకటించారు, కాబట్టి ఆ స్పీకర్లు భద్రంగా దాచుకోండి.

ఆ ప్రధానిగారే 5జీ మొదలైన అక్టోబరు 1నే ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో కూర్చుని స్టీరింగ్ తిప్పితే స్వీడన్‌లో కారు కదిలింది. చప్పట్లు కొట్టారు. టీవీల్లో రోజంతా చూపించారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే జూలై 26న 5జీ వేలం మొదలైతే, 27న కేంద్ర మంత్రివర్గం ఇంకో కాగితం మీద సంతకం పెట్టింది. 4జీ అందని 24,680 ఊళ్లకు సిగ్నల్ ఇవ్వడానికి 26,316 కోట్ల పథకం అది. ఒక గదిలో లక్షా యాభై వేల కోట్ల వేలం, పక్క గదిలో ఇరవై నాలుగు వేల ఊళ్లలో 4జీకే దిక్కులేదన్న ఒప్పుకోలు. రెండోదాని గురించి మైకు పట్టుకున్నవాడు ఒక్కడు లేడు.

లేని సిగ్నల్‌తో జనాన్ని శిక్షించడం మాత్రం ఎవరూ ఆపలేదు. 2022 మే 16 నుంచి, ఇరవై మందికి తగ్గకుండా కూలీలున్న ప్రతి ఉపాధి హామీ పని దగ్గరా హాజరు యాప్‌లోనే వెయ్యాలన్నారు. రోజుకు రెండు ఫోటోలు, టైముతో సహా, పని జరిగే చోటు నుంచే. ఎండలో మట్టి మోసిన మనిషికి, ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి ఎగిరిపోతుంది. మట్టి ఉంది, గొయ్యి ఉంది, చేతులకు బొబ్బలున్నాయి, నెట్‌వర్క్ లేదు గనక పని జరగలేదు! ఏ చట్టం చెప్పిందిది? మన్యంలో రేషన్ ఇచ్చే మనిషి వేలిముద్రల మిషను పట్టుకుని సిగ్నల్ దొరికే గట్టు మీదికో, చింతచెట్టు కిందికో పోతాడు. అతని వెనక ముసలమ్మలు సంచులు పట్టుకుని కొండ ఎక్కుతారు. కరోనా రెండేళ్లూ పిల్లలు అదే గట్టు ఎక్కి పాఠాలు విన్నారు. పురిటి నొప్పులొచ్చిన మనిషికి 108 పిలవాలన్నా ముందు గట్టే ఎక్కాలి, ఆ తర్వాత ఎలాగూ డోలీనే కట్టాలి. ఢిల్లీ నుంచి స్వీడన్‌లో కారు నడపగలిగినవాళ్లు పాడేరు పైనున్న ఊరికి ఒక ఫోన్ కాల్ నడిపించలేరా? నడిపించగలరు. గిరాకీ లేదు, అంతే. ఆ గట్టు మీద నిలబడ్డవాళ్లు ముప్ఫై వేల ఫోన్ కొనరు కదా.

కొనేది మనం. కొంటాం గనకే, డబ్బా మీద అంకె పెరిగితే టవరు కూడా వచ్చిందనుకుంటాం గనకే, ముందు ఫోనే అమ్ముతారు.

ఒక కంపెనీ 2023 డిసెంబరుకల్లా దేశమంతా 5జీ ఇస్తానంది, ఇంకొకటి 2024 మార్చి అంది. ఇవ్వనివ్వండి. మా వీధి మలుపులో గుర్తు పడిన రోజున ఆలోచిస్తాను. అప్పటికి ఇప్పటి ధరకే ఇంతకంటే మంచి ఫోను రాకపోదు. ప్రస్తుతానికి నా 4జీ ఫోనుకే కొత్త బ్యాటరీ వేయించాను. మా బావమరిదికి మాత్రం అంత ఓపిక లేదు, ఈ దీపావళికి తన ఫోను మార్చేస్తాడట. పాతది నన్ను తీసుకోమంటున్నాడు. గాజు మీద గీతలు పడ్డా, దాన్లో 5జీ ఒక్కసారి కూడా వాడలేదు గనక ఆ భాగం కొత్తదాని కిందే లెక్కట. దానికని రెండు వేలు ఎక్కువ అడుగుతున్నాడు.