బంజరు పద్దులు చూసే ఏలినవారికి బహిరంగ లేఖ

బంజరు భూముల దస్త్రాలు చూసే ఏలినవారి సముఖానికి.

పచ్చిక బయలు ఖాళీ జాగా కాదు. కృష్ణజింక ప్రాణం దాని కళ్లలోనూ కాళ్లలోనూ ఉంటుంది: తోడేలును దూరం నుంచే పసిగట్టాలి, వెంటనే దౌడు తీయాలి. రెంటికీ చెట్లు లేని బయలే కావాలి. అక్కడ కందకాలు తీసి నీలగిరి మొక్కలు నాటితే ఏలినవారి లెక్కల్లో పచ్చదనం పెరుగుతుంది, మంద మాత్రం తరుగుతుంది.

అలాగని కంచె వేసి వదిలేసినా సరిపోదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం ఏర్పడింది. పశువులు రాకుండా కట్టిన ఆవరణల్లో గడ్డి ఏపుగా లేచింది. కృష్ణజింకలు పదుల నుంచి వందలకు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రైతుల కోపం అభయారణ్యం మీదికి మళ్లింది. బట్టమేక నిలవనేలేదు.

సంక్రాంతి దాటాక కోయని గడ్డి కాడను వంచితే ఫెళ్లున విరుగుతుంది; అందులో పీచే తప్ప పస ఉండదు. పాత దుబ్బు నీడలో కొత్త పిలకా సరిగా లేవదు. అందుకే బయలును ముక్కలుగా విభజించి, వంతులవారీగా కొన్ని కోయాలి, కొన్నింట్లో మితంగా పశువులను మేపాలి, కొన్నింటిని వదిలేయాలి. నేల మీద గుడ్లు పెట్టే పిట్టల కాలంలో కొడవలి, నిప్పు రెండూ దూరంగా ఉండాలి.

సర్కారు తుమ్మది వేరే తలనొప్పి. గుజరాత్‌లోని వేళావదర్‌లో జింకలు దాని కాయలు తిని, పెంటికలతో విత్తనాలు చల్లుతాయి. మొదలు నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేళ్లతో పెకలించాల్సిందే. కాకపోతే పగటిపూట తోడేళ్లు, దుమ్ములగొండ్లు ఆ పొదల్లోనే తలదాచుకుంటాయి కనుక, ప్రారంభోత్సవం తేదీ చూసుకుని ఒక్క ఊపున ఊడ్చేయడం కుదరదు.

జింకలు దండిగా ఉన్నా తోడేలుకు మేకపిల్ల సులువైన వేట. కళేబరం కుళ్లేలోపు పంచనామా జరగకపోతే, నెల తిరిగేలోపు పరిహారం అందకపోతే కాపరులు తోడేలు బొరియలో పొగ పెట్టడం ఉన్నదే. ఊరకుక్కలు జింకపిల్లలను చంపుతాయి, తోడేళ్లకు రేబిస్, డిస్టెంపర్ అంటిస్తాయి. ఆ కుక్కలకు టీకాలు వేయించాలి కాబట్టి ఈ లేఖ నకలు ఒకటి పశుసంవర్ధక శాఖకూ పోవాలి.

చిత్తగించవలెను.