ఎక్స్‌రేకు అందని చీమలు

తుంటి కీలు మార్పిడి అయిన మనిషికి ఆపరేషన్ తరవాత నొప్పి పుట్టని చోటు ఒక్కటే: కొత్తగా పెట్టిన కీలు. అది లోహం, పింగాణీ, పాలిథిన్ కలిసిన వస్తువు. దానికి నరాలు లేవు కనక ఫిర్యాదులూ లేవు. గొడవంతా దాన్ని లోపలికి చేర్చడానికి తెరిచిన దారిది. ఆ దారిలో చర్మం ఉంటుంది, కొవ్వు ఉంటుంది, కండ ఉంటుంది, వీటి మధ్య నుంచి ఎవరికీ చెప్పకుండా పోయే సన్నని నరాలుంటాయి. డాక్టరు ఎక్స్‌రేలో కీలును చూస్తాడు, రోగి దారి గురించి చెబుతాడు. ఇద్దరిదీ నిజమే. అందుకే వాదన తెగదు.

ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో 1962లో జాన్ చార్న్లీ ఉక్కు బంతికి గట్టి పాలిథిన్ గిన్నెను జతచేశాక ఈ ఆపరేషన్ కుదురుకుంది. అంతకుముందు ఆయన టెఫ్లాన్ వాడాడు. అది అరిగిపోయి పొడి రాలింది. ఆ పొడి ఒంటికి ఏం చేస్తుందో చూడటానికి చార్న్లీ దాన్ని తన తొడలోనే పెట్టుకున్నాడు. రోగుల తొడల గురించి అంత పట్టింపు ఉన్న సర్జన్లు అరుదు. 2007లో లాన్సెట్ పత్రిక తుంటి మార్పిడిని శతాబ్దపు ఆపరేషన్‌గా మెచ్చుకుంది. తెలుగువాళ్ళకి ఈ ఆపరేషన్ పేరు బాగా నోటబడింది మాత్రం 2023 డిసెంబరులో, మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో జారిపడి హైదరాబాదులో ఎడమ తుంటి మార్పించుకున్నప్పుడు. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టర్లు అన్నది పేపర్లలో వచ్చింది. ఆ వారాల లెక్క నడకది. నరానికి పేపరు చదివే అలవాటు లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ఆపరేషన్ దాకా వచ్చేవాళ్ళు రకరకాలు. పెరట్లో జారిపడి తొడ ఎముక మెడ విరగ్గొట్టుకున్న ముసలమ్మలు, తాగుడు వల్లనో స్టెరాయిడ్ల వల్లనో ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయిన నడివయసు వాళ్ళు, సికిల్ సెల్ జబ్బుతో చిన్న వయసులోనే అదే గతి పట్టిన మన్యం కుర్రాళ్ళు. శ్రీకాకుళం రిమ్స్, నెల్లిమర్ల మిమ్స్, కాదంటే విశాఖ కేజీహెచ్. వెళ్ళే చోట్లు వేరైనా తిరిగొచ్చాక చెప్పే మాటలు ఒకటే.

బాధ ఎక్కడ అన్నది కోత ఎక్కడ అన్నదాని మీద ఉంటుంది. వెనక నుంచి కోస్తే మచ్చ పిరుదుకీ తొడ పక్కకీ నడుమ జానెడు పొడుగున వంపు తిరుగుతుంది. దాని చుట్టూ చర్మం మొద్దుబారడం మామూలే. చర్మం తెగినప్పుడు అందులోని వెంట్రుకంత నరాలూ తెగుతాయి, తెగకుండా లోపలికి పోయే ఉపాయం ఇంకా ఎవరికీ తట్టలేదు. ముందు నుంచి కోసే పద్ధతిలో కండలకు దెబ్బ తక్కువ. కానీ అక్కడ తొడ బయటివైపుకు స్పర్శ ఇచ్చే నరం ఒకటి దారికి అడ్డంగా ఉంటుంది. కండను కదిలించే బాధ్యత దానికి లేదు, కబుర్లు చేరవేయడమే దాని ఉద్యోగం. కాస్త లాగితే చాలు, తప్పుడు కబుర్లు మొదలెడుతుంది. ఇది ఎంతమందికి జరుగుతుందని చూస్తే కొన్ని అధ్యయనాలు నూటికి ఒక్కరు కూడా కాదంటాయి, కొన్ని ఎనభై మంది అంటాయి. రోగిని అడిగారా, ఎక్స్‌రేని అడిగారా అన్నది తేడా కావచ్చు.

ఈ నరం ఆపరేషన్ లేకుండానూ నలుగుతుంది. బిగుతు బెల్టు, లంగా బొందు, మొలతాడు, రొంటిన దోపుకున్న డబ్బుల సంచి అన్నీ దాని దారిలోనే మకాం పెడతాయి. సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఈ జబ్బే ఉండేది. 1895లో తన తొడ గురించి తానే ఒక వ్యాసం రాసుకున్నాడు. కలల పుస్తకం రావడానికి ఇంకా నాలుగైదేళ్ళుంది కనక తొడ తిమ్మిరి తొడ తిమ్మిరిగానే బయటపడింది.

లక్షణాల్లో మొదటిది మొద్దు. తొడ మీద చెయ్యి వేసుకుంటే అది ఎదుటివాళ్ళ తొడ అనిపిస్తుంది. తరవాత మంట, సూదులు, కరెంటు కొట్టినట్టు ఒక్క జిల్లు, రాత్రిపూట దురద, ఆపైన చీమలు. పరీక్ష గదిలో సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఎలా ఉందమ్మా?"

"కాలు బాగుంది బాబూ. పైనే బాగోనేదు. సీమలు పాకతన్నాయి. సూస్తే ఏటీ నేవు."

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాడు. "కీలు చక్కగా కూర్చుందమ్మా."

"కీల్లో కాదు బాబూ సీమలు."

వైద్యశాస్త్రం చీమల్ని నమ్ముతుంది. నరం నొప్పిని మామూలు నొప్పి నుంచి విడదీసే ప్రశ్నపత్రాల్లో మంట, సూదులు, కరెంటు, తిమ్మిరి, దురద వరసగా ఉంటాయి. వాటిలోనే ఇంకో ప్రశ్న: మెత్తగా తాకినా నొప్పి పుడుతుందా? ఈ బాధలో పుడుతుంది. గట్టిగా నొక్కితే ఊరుకునే మచ్చ దుప్పటి అంచు తగిలితే భగ్గుమంటుంది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్నాడు. ఈ మచ్చే ఉంటే ఆయనా ఏనుగును రానిచ్చి లుంగీ మడతను వద్దనేవాడు.

తెగిన నరం మళ్ళీ పెరిగే వేగం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. తుంటి నుంచి మోకాలి దాకా మూరెడు దూరానికి ఏడాది దాటుతుంది. తెగకుండా సాగిపోయిన నరమైతే కొన్ని వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటుంది. మచ్చ కూడా ఎర్రదనం, గట్టిదనం వదిలి మెత్తబడటానికి ఏడాది, ఏడాదిన్నర తీసుకుంటుంది. తిరకాసు ఏమిటంటే, బాగుపడే నరం మొద్దుబారిన నరం కన్నా ఎక్కువ అల్లరి చేస్తుంది. పెరుగుతున్న కొస మీద వేలితో తడితే అవతలి దాకా జిల్లుమంటుందని ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ 1915లోనే రాశాడు. "మొన్నటిదాకా బాగుంది, ఇప్పుడే పాడయింది" అని మూడో నెలలో వచ్చే రోగుల్లో కొందరు నిజానికి బాగుపడుతున్నవాళ్ళు. ఈ శుభవార్తను వాళ్ళు శుభవార్తగా తీసుకోరు.

ఈలోగా పరామర్శలు ఉంటాయి. మోకాలు మార్పించుకున్నవాడికి ఇందులో గొప్ప వెసులుబాటుంది. "ఎలగుంది మావా?" అనగానే పంచె పైకి లాగి మచ్చ చూపిస్తాడు; వచ్చినవాళ్ళు కుట్లు లెక్కపెట్టి, అయ్యో అని, టీ తాగి వెళతారు. తుంటి మచ్చ చూపించే మచ్చ కాదు. కనిపించని మచ్చకు సానుభూతి సగమే వస్తుంది, సలహాలు మాత్రం పూర్తిగా వస్తాయి. పప్పు తింటే చీము పడుతుందంటారు, వంకాయ దురదంటారు, గుమ్మడికాయ వాతమంటారు. కోత మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉన్నది ఆ పప్పులోనే. ఎవరూ మానమని చెప్పని చుట్ట మాత్రం నిజంగా గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. అడ్డచుట్ట అయినా అంతే, నిప్పు నోటిలోపల ఉందా బయట ఉందా అన్నది నికోటిన్ చూసుకోదు. తొడలో ఏం జరిగినా నేరం వెన్నులో ఇచ్చిన మత్తు సూది మీద పడటం ఇంకో ఆనవాయితీ.

వాతావరణం సంగతి విడిగా చెప్పాలి. కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేయకముందే తుంటికి వాయుగుండం తెలిసిపోతుందని నమ్మకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. అది వస్తుందని ముందే తెలిసిన తుంట్లు ఉద్దానంలో ఉన్నాయంటారు, అయితే ఆ సంగతి తుఫాను వెళ్ళాకే బయటికొస్తుంది. నొప్పికీ వాతావరణానికీ సంబంధం మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు.

చికిత్సలో ముందు వచ్చేది చెయ్యి. కుట్లు విప్పి గాయం పూర్తిగా మానాక, సర్జను సరేనన్నాక, కొబ్బరినూనె రాసి మచ్చను వేళ్ళతో అటూ ఇటూ కదపాలి; అడుగున కండకు అతుక్కోకుండా ఉంటుంది. అతి స్పర్శను మాన్పించడానికి చర్మానికి మెత్తటి వాటి నుంచి గరుకు వాటి దాకా వరసగా అలవాటు చేస్తారు. ఫిజియోథెరపిస్టులు దూదితో మొదలుపెడతారు. శ్రీకాకుళం వాళ్ళకి ఆ తరవాతి మెట్టుకు పొందూరు సన్న ఖద్దరు చేతికందే దూరంలో ఉంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, నలక లేకుండా చేసి వడుకుతారు. ఎంత కోపిష్టి మచ్చయినా ఆ గుడ్డతో తగువు పెట్టుకోవడం కష్టం. అది ఓర్చుకున్నాక టర్కీ తువ్వాలు. గోనెసంచి దాకా పోనక్కర్లేదు.

వావిలాకు వేసి మరిగించిన నీళ్ళ కాపడం ఈ ప్రాంతంలో ప్రతి నొప్పికీ చేస్తారు. మొద్దుబారిన చర్మం మీద అది పనికిరాదు. వేడి ఎంతో ఆ చర్మం చెప్పదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. మందుల్లో మిరపకాయ ఘాటుతో తయారయ్యే పూత ఒకటుంది. మంటకు మంటే మందు అన్న సూత్రం మీద పనిచేస్తుంది, అదీ డాక్టరు చెబితేనే. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు నరం గోలను తగ్గిస్తాయి, దాంతోపాటు కొంత నిద్రమత్తు కూడా ఇస్తాయి. ఉద్దానం వాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పలాస, సోంపేట, కవిటి, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. మొదటి రెండు మాత్రలూ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల గుండానే, కనక మోతాదు తగ్గించాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలైతే ఉన్న కిడ్నీనీ పాడుచేస్తాయి. క్రియాటినిన్ పరీక్ష కాగితం చూపించకుండా ఏ బిళ్ళా మింగకూడదు.

కొన్నిటిని చీమల ఖాతాలో వేయకూడదు. జ్వరం, మచ్చ ఎర్రబడి వేడెక్కడం, చీమో నీరో కారడం, పాదం పైకి లేవకుండా వేలాడటం, పిక్క వాచి నొప్పెట్టడం, బాగా నడుస్తున్నవాళ్ళకి గజ్జలో కొత్తగా నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి పోవాలి; పరామర్శకు వచ్చినవాళ్ళ అభిప్రాయం అక్కర్లేదు.

అన్నీ సర్దుకున్నాక కూడా కొందరికి అరచేయంత మేర మొద్దు ఉండిపోతుంది. నడకకు దానివల్ల లోటు లేదు. అక్కడ వాలిన దోమకు మాత్రం తీరిక దొరుకుతుంది. ఇబ్బంది వచ్చేదల్లా ఊళ్ళో ఆరెంపీ దగ్గరే. జ్వరమని వెళితే ఆయన సిరంజి ఎత్తి పట్టుకుని పక్కకి తిరగమంటాడు. మార్చిన తుంటికి ఇంజెక్షన్ వద్దని చాలామంది సర్జన్లు చెబుతారు కనక, ఏ పక్కకి తిరగాలో రోగే చెప్పాలి.