ద్విబ్యాటరీయం: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఇంకో బ్యాటరీ పెట్టించుకోండి సార్, రేంజ్ డబులైపోద్ది!"

అవతారిక: నూరు కిలోమీటర్లు వస్తుందని కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ అరవైకే చతికిలబడిందని మొరపెట్టుకున్న భక్తుడికి షోరూమ్ ఆచార్యులవారు ఉపదేశించిన సూత్రమిది. అల్పాక్షరం, అనల్పార్థం. బిల్లు ఇంకా అనల్పం.

ప్రతిపదార్థం: సుగమం. 'సార్' అనేది సంబోధన. డబ్బు కట్టేదాకా వర్తిస్తుంది.

విశేషం: మొదటిది చాలేదైతే రెండోది దేనికని ఆక్షేపణ. దీనికి అర్జునుడే ప్రమాణం. ఖాండవ దహనానికి ముందు అగ్నిదేవుడు వరుణుణ్ణి అడిగి అతనికి గాండీవమూ, రెండు అక్షయ తూణీరాలూ ఇప్పించాడు. అక్షయమే అయితే ఒకటి చాలదా? ఇచ్చినవాడికే 'అక్షయ'మన్న మాట మీద గురి లేదని ఈ టీకాకారుడి మతం. తరవాత జరిగిందీ అదే. కిరాతవేషంలో వచ్చిన శివుడితో తలపడ్డప్పుడు వ్యాసభారతంలో బాణాలన్నీ అయిపోతాయి. అదీ అడవి మధ్యలో, చార్జింగ్ పాయింట్ లేనిచోట! ఆ కథను భారవి కావ్యం చేస్తే, మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి దానికి ఘంటాపథమని వ్యాఖ్య రాశాడు. ఘంటాపథమంటే రాజమార్గం. మన స్కూటర్ రేంజ్‌ను మాత్రం ఏ మార్గం మీదా కొలవరు, ల్యాబులో రోలర్ల మీద తిప్పి కొలుస్తారు. అక్కడ ఫ్లైఓవర్ ఎక్కేది లేదు, వెనక సీట్లో మనిషి లేడు, ఫుట్‌బోర్డు మీద బియ్యం బస్తా లేదు. మల్లినాథుడు మూలంలో లేనిది రాయనని ముందే మాటిచ్చాడు. బ్రోషర్లు రాసేవాళ్లు ఆయన శిష్యులు కారు.

ప్రకృతం మరిచాం.

సమాస నిర్ణయం: రెండు బ్యాటరీలను ఎలా కలపాలో సూత్రం చెప్పదు. సీరీస్‌లో కలిపితే 60 వోల్టులు 120 అవుతాయి, కంట్రోలర్ కాలిపోతుంది. ప్యారలల్‌లో కలిపితే వోల్టులు అవే ఉంటాయి, ఆంపియర్-అవర్లు కూడుకుంటాయి. ఇది ద్వంద్వ సమాసం కనక ఉభయపద ప్రాధాన్యం తప్పనిసరి: ఒకే కెమిస్ట్రీ, ఒకే వోల్టేజీ, ఇంచుమించు ఒకే వయసు. నిండా చార్జయి 71.4 వోల్టులున్న కొత్తదాన్ని 60కి దిగిన పాతదానికి నేరుగా తగిలిస్తే తేడా 11.4 వోల్టులు. దారిలో నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే ఆ క్షణాన 114 ఆంపియర్లు స్కూటర్‌ను వదిలేసి పాత బ్యాటరీలోకి దూకుతాయి. తూణీరాలు ఇప్పించినవాడు అగ్నిదేవుడేనని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ద్వంద్వం కుదరనిచోట వికల్పమే గతి: ఛేంజోవర్ స్విచ్ పెట్టి, ఒకటయ్యాక రెండోదానికి మార్చుకోవడం.

ఇదంతా ఆచార్యులవారిని అడిగాను. "ఏం కాదు సార్, మావాడు చూసుకుంటాడు" అన్నారు. ఆ మావాడు డిక్కీలో రెక్సిన్ కింద రెండు వైర్లు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టాడు. ఫ్యూజ్ ఏదయ్యా అంటే నవ్వాడు.

ధర్మశాస్త్రం: రిజిస్టరైన బండిని కంపెనీ నిర్దేశానికి భిన్నంగా అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. సీలు విప్పితే వారంటీ పోతుందని కార్డు వెనక చీమతలకాయంత అక్షరాలు. అమ్మేటప్పుడు ఈ రెండూ ఎవరి నోటా రావు. రెండో బ్యాటరీకి చోటు, సాకెట్టు కంపెనీయే ఇచ్చి ఉంటే ఈ టేపు చుట్టుడు ఎందుకు?

తాత్పర్యం: 60 వోల్టులు, 30 ఆంపియర్-అవర్లు అంటే 1800 వాట్-అవర్లు. ఊళ్లో కిలోమీటరుకు 30 ఖర్చయితే వచ్చేది 60 కిలోమీటర్లే. ఈ లెక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఈ సూత్రమూ లేదు, ఈ టీకా లేదు. రెండోది కొనక తప్పనివాళ్లు బిల్లు మీద వాట్-అవర్లు, కెమిస్ట్రీ, కనెక్షన్ పద్ధతి రాయించి, సంతకం చేయించుకోండి. రాయనంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి.