మాస్టారి లెక్క

బెజవాడ ఆటోనగర్‌లో భాయ్ షెడ్డుకి లెక్కల మాస్టారి ఆల్టో వస్తోందంటే కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొస్తాయి. ఒకడు టైరు దొర్లించుకుంటూ వెనక్కి పోతాడు, ఇంకొకడు పక్కనున్న వ్యాను కింద దూరతాడు. భాయ్ ఒక్కడే దొరికిపోతాడు. షెడ్డు అతనిది కదా మరి.

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి మాస్టారు కొనుక్కున్న కారది. 796 సీసీ, మూడు సిలిండర్లు. కారుతో ఇచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివి, ముఖ్యమైన చోట్ల ఎర్ర సిరాతో గీతలు పెట్టుకున్నారు. ఫిల్టరుతో సహా మారిస్తే పోయాల్సిన ఇంజినాయిల్ 2.7 లీటర్లు. రకం 5డబ్ల్యూ-30. ఏడాదికోసారి, లేదా పది వేల కిలోమీటర్లకోసారి, ఏది ముందైతే అది. ఆ పేజీ ఆయనకి కంఠతా వచ్చు.

చిక్కల్లా బజార్లో దొరికే డబ్బా మూడు లీటర్లది కావడమే.

"మిగిలిన మూడొందల మిల్లీ ఏం చేసుకుంటారు మాస్టారూ, అదీ పోసేస్తే పోలా? ఇంజన్‌కి ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా" అన్నాడు మొదట్లో ఓ కుర్రాడు. అన్న పాపానికి బానెట్ ముందు నిలబడి పాఠం మొత్తం విన్నాడు. పాఠంలో తప్పేమీ లేదు, అది ఒప్పుకోవాలి. ఛాంబరులో ఆయిల్ మట్టం మరీ పైకొస్తే, గిర్రున తిరిగే క్రాంకు దాన్ని అందుకుని మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగ లేస్తుంది. నురగంటే గాలి. పంపు ఆ గాలిని కూడా కలిపి తోస్తుంటే బేరింగుల మధ్య నిలవాల్సిన పొర నిలవదు. సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుంది, కొంత ఆయిల్ ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోయి కాలి పొగొస్తుంది. తగ్గిందా, ఇంకా ముప్పు. మలుపులో బండి ఒరిగినప్పుడు పంపుకి ఆయిల్ అందదు, ఇనుము ఇనుము రాసుకుంటాయి.

మూడొందల మిల్లీ ఎక్కువైతేనే ఇంజన్ బద్దలైపోతుందా అంటే పోదు. కానీ ఆ మాట మాస్టారితో అనగలిగిన వాడు ఆటోనగర్‌లో లేడు.

డిప్‌స్టిక్ చూడడానికీ ఆయనకో పద్ధతి. బండి చదును నేల మీద ఉండాలి. ఇంజన్ ఆపి, పైకెక్కిన ఆయిలంతా కిందికి దిగేదాకా కాసేపు ఆగాలి. పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ అడుగంటా గుచ్చి, అప్పుడు తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనపడేదాన్ని నమ్మకూడదు. రెండు గుర్తుల మధ్య ఎక్కడున్నా చాలని పుస్తకంలోనే ఉంది గానీ, మాస్టారికి పై గుర్తుకి తగిలీ తగలనట్టుండాలి.

రకం దగ్గర వాదన మాత్రం సాక్షాత్తూ భాయ్‌తోనే జరిగింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఈ పలచటి ఆయిల్ ఏం ఆగుతుంది, చిక్కగా 20డబ్ల్యూ-50 పోసేద్దామని అతని అభిప్రాయం.

"బయట ఎండెంతుంటే ఇంజన్‌కేమిటయ్యా?" అన్నారు మాస్టారు. "వేడెక్కాక లోపల ఆయిల్ ఎండాకాలమైనా చలికాలమైనా వంద డిగ్రీలకి అటూ ఇటూగానే తిరుగుతుంది. థర్మోస్టాటూ రేడియేటరూ ఉన్నది ఎందుకు? రెండో అంకె ఆ వంద డిగ్రీల దగ్గర చిక్కదనం. డబ్ల్యూ పక్కనున్న మొదటిది చలిలో స్టార్టు చేసేటప్పటి సంగతి. డబ్ల్యూ అంటే వింటరు."

"మనకి వింటరెక్కడిది మాస్టారూ!"

"రాత్రంతా నిలబడ్డ బండికి తెల్లారేసరికి ఆయిలంతా కిందికి దిగిపోయి ఉంటుంది. తాళం తిప్పగానే అది పైనున్న క్యామ్ దాకా పరిగెత్తాలి. నీ చిక్కటిది ఎక్కేసరికి అరగాల్సింది అరిగిపోతుంది. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది."

భాయ్ ఊ కొట్టాడు. నిజానికి అతనిదీ గుడ్డి నమ్మకం కాదు. అరిగిపోయి ఆయిల్ తాగే పాత ఇంజన్లని చిక్కటి ఆయిల్‌తో మరో ఏడాది నడిపించిన చెయ్యి అది. కానీ ఈ కారు వరకూ మార్కులు మాస్టారికే వేయాలి.

లెక్క మీద ఉన్నంత నమ్మకం ఆయనకి మనుషుల మీద లేదు. అదొక్కటే తంటా. సర్వీసు రోజున బండీ డబ్బా పొద్దున్నే షెడ్డులో అప్పజెప్పి, ట్రెజరీలోనో బ్యాంకులోనో పని చూసుకుని, ఆయిల్ పోసే వేళకి వచ్చి నిలబడేవారు. విప్పిన పాత ఫిల్టరుని తన సంచిలోనే వేసుకునేవారు, దాన్నే కడిగి బిగిస్తారేమోనని. తాను లేనప్పుడు మార్చేయకుండా డబ్బా అడుగున కారు నంబరు మేకుతో గీసి ఇచ్చేవారు, పెన్నుతో రాస్తే పెట్రోలు గుడ్డతో తుడిచేస్తారని. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వేశారో లేదో ఆ వయసులో నేలకి వంగి మరీ చూసేవారు. ఇంట్లో పాలు కొలిచే గీతల మగ్గుతో 2.7 లీటర్లు కొలిచి పోయించి, మిగిలిన మూడొందల మిల్లీని వెంట తెచ్చుకున్న మామిడిరసం సీసాలోకి చుక్క కూడా మిగలకుండా వంపుకునేవారు. భాయ్ ఇదంతా చూస్తూ నవ్వేవాడు. కోపం తెచ్చుకోవడానికి ఖాతాదారులెవరూ అంత చవగ్గా రారు.

అతన్ని మాస్టారు గట్టిగా కోప్పడ్డది ఒక్కసారే. ఖాళీ అయిన ప్రతి డబ్బానీ స్క్రూడ్రైవరుతో రెండు పోట్లు పొడిచి మూల పడేయడం భాయ్‌కి అలవాటు. ఆ రోజు మాస్టారి డబ్బానీ పొడవబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావయ్యా? అది నా డబ్బా."

"ఖాళీదే కదా మాస్టారూ. పొడిచేయాలి. లేకపోతే..."

"లేకపోతే నాకు నలభై రూపాయలొస్తాయి. పొడిస్తే పది కూడా రావు."

భాయ్ ఇంకేదో చెప్పబోయాడు. మాస్టారు చెప్పే మనిషే గానీ వినే మనిషి కారు.

నలభై మాట అబద్ధం కాదు. వీధిలోకి మైకు పెట్టుకుని వచ్చే పాత సామాన్ల బండివాడు మిగతా ప్లాస్టిక్కంతా కిలోల లెక్కన తూచేవాడు, ఇంజినాయిల్ డబ్బాని మాత్రం విడిగా, డబ్బాకింతని కొనేవాడు. మూత ఉండాలి, లేబుల్ చిరక్కూడదు, సొట్ట పడకూడదు. మాస్టారు తడిగుడ్డతో తుడిచి, మూత బిగించి, బేరమాడి నలభై అయిదు కూడా పుచ్చుకున్న సందర్భాలున్నాయి. కాలనీలో కార్లున్న వాళ్ళందరికీ ఈ కిటుకు చెప్పారు కూడా.

పోయినేడు డబ్బా ధర మళ్ళీ పెరిగింది. అప్పుడే ఆయన కంట్లో ఓ కొత్త కొట్టు పడింది. అదే కంపెనీ, అదే 5డబ్ల్యూ-30, ఎమ్మార్పీ మీద నాలుగొందలు తక్కువ. బిల్లు కావాలంటే మాత్రం ఆ నాలుగొందలూ తగ్గవన్నాడు కొట్టువాడు. మాస్టారు ఒక్క క్షణం లెక్క వేసుకుని బిల్లు వద్దన్నారు. మూత సీలు చూశారు, తయారీ తేదీ చూశారు, లేబుల్ మీద ఎస్ఎన్ అన్న అక్షరాలు కళ్ళజోడు సవరించుకుని చూశారు. అన్నీ సక్రమం. డబ్బాని అప్పజెప్పే పనే పెట్టుకోలేదు ఈసారి. ఒళ్ళో పెట్టుకుని షెడ్డులో కూర్చుని, మగ్గుతో కొలిచి, తన చేత్తోనే పోశారు.

భాయ్ మగ్గు అంచు నుంచి ఓ చుక్క వేలికి తీసుకుని రుద్ది చూశాడు. "ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

"ఎక్కడైతేనేం. నీకు కమీషన్ రాలేదనా?"

భాయ్ వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

రెండో నెలకల్లా పొద్దున్నే స్టార్టు చేస్తే ట్యాపెట్లు టకటకమనడం మొదలైంది. డిప్‌స్టిక్ మీద మట్టం దిగుతూ వచ్చింది. మిగిలిన మూడొందల మిల్లీ ఎప్పుడు అవసరమవుతుందోనని సీసాలోకి వంపకుండా డబ్బాతోనే డిక్కీలో ఉంచుకుని, కాస్త కాస్త పోస్తూ వచ్చారు. చివరికి ఓ సాయంత్రం కనకదుర్గ ఫ్లైఓవరు మీద డ్యాష్‌బోర్డులో ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగింది. ఇంజన్‌లోంచి సుత్తి దెబ్బల చప్పుడు. కారుని తాడు కట్టి లాక్కొచ్చారు.

భాయ్ డ్రెయిన్ బోల్టు విప్పాడు. కిందికి కారిన దాన్ని చూసి కుర్రాళ్ళు కూడా పనులు ఆపి వచ్చారు. నల్లగా, పలచగా, తళుకుతళుకుమంటున్న లోహపు పొడితో. రెండ్రోజులకి విప్పి చూసి కబురు చెప్పాడు. బేరింగులు పోయాయి, క్రాంకు గీసుకుపోయింది, ఇంజన్ దించాల్సిందే, ముప్ఫై వేలకి తక్కువ కాదు.

"ఇది ఆయిలా మాస్టారూ? బళ్ళలోంచి తీసేసిన మడ్డాయిల్‌ని వడగట్టి, రంగు పోగొట్టి నింపారు. చిక్కదనం లేదు, మందులు లేవు."

వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమనీ, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే చేరాలనీ 2016 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. చేరాల్సిన చోటికి చేరకపోతే ఏమవుతుందో అక్కడ బల్ల కింద ట్రేలో కనపడుతూనే ఉంది.

మాస్టారి మొహం ఎర్రబడింది. "నకిలీదంటావా? ముప్ఫై ఆరేళ్ళు పిల్లల కాపీలు పట్టుకున్న కళ్ళివి. నేను చూసుకోకుండా కొంటానా?" విసురుగా వెళ్ళి డిక్కీ తెరిచి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. "చూడు. మూత చూడు, లేబుల్ చూడు. ఎక్కడన్నా సొట్టుందా? ఎవడన్నా ఇలాంటి డబ్బా నకిలీది చెయ్యగలడా?"

భాయ్ డబ్బా అందుకున్నాడు. మూత చూశాడు, లేబుల్ చూశాడు. తలకిందులు చేసి, అడుగున అంటిన మసిని బొటనవేలితో తుడిచాడు. కాసేపు దాన్నే చూసి, తలెత్తి కారు నంబరు ప్లేటు వంక చూశాడు.

"డబ్బా ఒరిజినలే మాస్టారూ" అన్నాడు. "మీదే."