పేరు చెబితే పనిచేయని మందు

మేడారం జాతర రెండేళ్లకోసారి. వరంగల్‌లో మూలికల జాతర మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. రోడ్డు పక్కన గోనెపట్టా మీద నల్లేరు ముక్కలు, తెల్ల జిల్లేడు వేర్లు, ఈశ్వరి వేరు, ఎండిన ఉత్తరేణి కనిపిస్తాయి. వాటిని ఆనుకునే తాయెత్తు రేకులు, నల్లదారం ఉండలు. మందు ఎక్కడ ఆగి మంత్రం ఎక్కడ మొదలైందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. మోకాళ్ల నొప్పికిచ్చిన వేరే కోర్టు కేసుకూ పనికొస్తుందంటే, ఒక ఖర్చుతో రెండు పనులయ్యాయని సంబరపడే జనం మనం.

పట్టా పరిచినవాడిది పొట్టకూటి వ్యాపారం. అతనితో నాకు పేచీ లేదు. పేచీ అంతా శాలువా కప్పుకుని మైకు ముందు నిలబడే పండితులతోనే. ఆధునిక శాస్త్రజ్ఞులు మొక్కలోంచి రసాయనాన్ని తీసుకుని ప్రాణశక్తిని పారేశారట. మందునూ మంత్రాన్నీ కలిపి చదివితే తప్ప మూలికాశాస్త్రం సంపూర్ణం కాదట.

సరే, కలిపేద్దాం. మన ఊళ్లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది. వృక్షశాస్త్రం వాళ్లది మరీ చాదస్తం. అడవంతా తిరిగి, ఏ ఊరివాళ్లు ఏ మొక్కను దేనికి వాడతారో అడిగి రాసుకుంటారు. కొమ్మను ఎండబెట్టి, అట్టకు అంటించి, పేరు రాసి దాచిపెడతారు. వాళ్ల కష్టం తీరేలా ఒక సిలబస్ సమర్పించుకుంటున్నాను.

మొదటి సెమిస్టరు తవ్వకం. ఆదివారం, పుష్యమి కలిసిన రోజున, తెల్లవారకముందే, నోరు మెదపకుండా, ఇనుము తగలకుండా వేరు పెకిలించాలి. వెనక్కి చూసిన విద్యార్థి ఫెయిల్.

రెండో సెమిస్టరు ప్రయోగశాల: పచ్చకామెర్లు దించడం. రోగి రాకముందే వైద్యుడు మామిడి బెరడు రసం చేతులకు పట్టించుకుని ఆరనివ్వాలి. తరువాత సున్నపుతేట పోసిన పళ్లెంలో రోగి చేతులు రుద్దుతూ పెదవులు కదపాలి. నీళ్లు పచ్చబడతాయి. "చూసినవా, కామెర్లు ఎట్ల దిగుతున్నయో!" హేతువాదులు బడిపిల్లల ముందు చేసి చూపించే గారడీయే ఇది. హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి గనుక పళ్లేనికి పేరొస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డం పడ్డవాడికి తగ్గకపోతే ఎంజీఎం ఆసుపత్రి ఉండనే ఉంది, చెడ్డపేరు దాని ఖాతాలో వేస్తే సరి.

మూడో సెమిస్టరు 'పెట్టుడు మందు' కక్కించడం. కడుపులో తిప్పితే అజీర్తి అనుకోకూడదు, ఆడబిడ్డ మీద అనుమానపడాలి.

నాలుగోదే అసలు సబ్జెక్టు: ఓటమి నిర్వహణ. రోగం తగ్గకపోతే ఏమనాలి? "పథ్యం తప్పినవ్." "మైల సోకింది." "నమ్మకం లేకుండ తాగినవ్." మందన్నాక మోతాదు చాలలేదనో, ఈ రోగానికి ఇది కాదనో తేలుతుంది. అలా తేలినప్పుడే ఇంకో మందు కోసం వెతుకుతాం. మంత్రానికి ఆ బెడద లేదు. తగ్గితే దాని మహిమ, తగ్గకపోతే రోగి పాపం. ఓడిపోయే వీల్లేనిదాన్ని పక్కన కట్టేశాక ఆ వేరు గెలిచిందో ఓడిందో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు.

"మన ప్రాచీనులు రెండూ కలిపే చెప్పారు కదా" అంటారు. చరక సంహిత విప్పి చూడండి. చికిత్సను మూడుగా విడదీసింది. మంత్రాలు, మణులు, బలులు దైవవ్యపాశ్రయం. ఆహారాన్నీ ఔషధాన్నీ యుక్తితో వాడటం యుక్తివ్యపాశ్రయం. మనసును అదుపులో పెట్టడం సత్త్వావజయం. చరకుడు మందునూ మంత్రాన్నీ నమ్మి ఉండవచ్చు, కానీ ఒకే గంపలో వేయలేదు. మూలిక తీసేవాడు తెల్లబట్టలు కట్టి తూర్పుకో ఉత్తరానికో తిరగాలన్న ఆ గ్రంథమే, వేళ్లను గ్రీష్మంలోనో శిశిరంలోనో తీయాలనీ చెప్పింది. రుతువును బట్టి వేరులో సారం మారుతుందో లేదో ఇవాళ కొలిచి చూడవచ్చు. తెల్లబట్టల వల్ల లాభం చాకలికే.

పాత పుస్తకాన్ని ఎలా చదవాలో చైనాలో తు యూయూ చూపించింది. నాలుగో శతాబ్దపు గె హోంగ్ చావులేని గుళికల కోసం తపించిన రసవాది. ఆయనే ఒకచోట, జ్వరానికి చింగ్‌హావ్ అనే మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. మరిగించమనలేదు. ఆ చిన్న వివరం పట్టుకుని, 1971లో ఆమె బృందం తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. ఆ సారంలో దొరికిందే మలేరియాను లొంగదీసిన ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ బహుమతి. చావులేని గుళికల జోలికి మాత్రం ఆమె పోలేదు.

ఇటు మన ఈశ్వరి వేరు సంగతి చూడండి. ఇంట్లో ఉంటే పాము రాదంటారు, కరిస్తే నూరి తాగిస్తారు. దానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికని అదే ప్రజాతికి చెందిన మొక్క కలిసిన మాత్రలు మింగిన ఆడవాళ్లెందరికో కిడ్నీలు పాడయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఆ ఆమ్లాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. మంత్రం చదివి ఇచ్చారు గదా అని ఏ కిడ్నీ మొహమాటపడదు.

చట్టం లేదా అంటే, 1954 నుంచీ ఉంది. రోగం తగ్గిస్తామంటూ తాయెత్తులకూ మంత్రాలకూ ప్రకటనలిస్తే మొదటి తప్పుకు ఆరు నెలల వరకూ జైలు. అయినా గోడల మీద రాతలు చెక్కుచెదరవు. చట్టానికే ఎవరో పెట్టుడు మందు పెట్టినట్టున్నారు.

ఈ కలగూరగంపకు అందరికంటే ముందు బలయ్యేది ఊరి నాటువైద్యుడే. జ్వరం తగ్గితే మందులోడు. అదే వాడలో ఇద్దరు వరసగా చస్తే మంత్రగాడు. చేతబడి అనుమానంతో ముసలివాళ్ల పళ్లూడగొట్టిన, కొట్టి చంపిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. శాలువా పండితుడి పన్ను ఒక్కటీ కదలలేదు.

"మూలిక పేరు బయటపెడితే పనిచేయదు" అన్నది ఈ విద్యలో చివరి సూత్రం. అర్ధరాత్రి ఎంజీఎం క్యాజువాలిటీలో డాక్టరు "ఏం తాగించిన్రు?" అని అడిగితే ఇంటివాళ్లు నేలచూపులు చూసేది అందుకే. మందుతో సమానంగా మంత్రానికి పీట వేయమంటున్న పెద్దలు ఆ వేళకు అక్కడికి రావాలి. ఏ వేరు, ఎంత, ఎన్ని పూటలు తాగించారో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాలి. అలా పెట్టిననాడు సిలబస్ సంగతి మాట్లాడుకుందాం.