సైడ్ బీ గారు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. చిక్కడపల్లిలో ఆ పేరు చెప్పి అడిగితే పాలవాడు కూడా ఇల్లు చూపించలేడు. "సైడ్ బీ గారు" అనండి, వీధి చివర ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గరుండి దిగబెట్టి వస్తాడు. ఎవరు ఏ సినిమాలో ఏ పాటను మెచ్చుకున్నా ఆయన కళ్లు సగం మూసి, "ఆఁ, బాగానే ఉంటుంది. సైడ్ బీలో చివరి పాట విన్నారా?" అంటారు. మనం విని ఉండం. ఒకవేళ విన్నా అది రికార్డుకు రెండో వైపున, సైడ్ బీలో ఉందని తెలిసి ఉండదు. అక్కడితో మన నోరు పడిపోతుంది.

చివరి పాట మీద ఆయనకున్న జాలికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఆ ఇంటికి వెళ్లి అది వినకుండా బయటపడ్డవాళ్లు లేరు. ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. చివరిదాకా అదే వేగం. అయితే అంచు దగ్గర చుట్టు పెద్దది, లోపలికి వచ్చేకొద్దీ చిన్నది. అంచున సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి పరుగెడితే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. పాట మాత్రం అంతే పాట. అందుకే చివరికొచ్చేసరికి 'స'లూ 'ష'లూ కాస్త గరగరలాడతాయి. "మొదటి పాట బంగళాలో ఉంటే చివరి పాట ఒంటిగది వాటాలో ఉన్నట్టండీ" అని కండువాతో కళ్లు ఒత్తుకుంటారు. ఆ గరగర పోగొట్టడానికే బ్యాంకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జీతంలో సగం ఖర్చుపెట్టారు. ఇప్పుడు పింఛను వంతు.

సూది రికార్డు మీద మోపే బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. ఎక్కువైతే గాడి అరిగిపోతుంది. తక్కువైతే సూది గాడిలో నిలవక ఎగిరెగిరి పడుతుంది, అదీ గాడికి దెబ్బే. అందుకని గ్రాములో నూరోవంతు వరకు తూచే చిన్న త్రాసు తెప్పించారు. "బంగారం కొనండీ అని పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను. బంగారం తూచే త్రాసు కొన్నారు" అని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు.

హాల్లో రెండు స్పీకర్లు, వాటికెదురుగా ఒకే ఒక్క కుర్చీ. మూడూ కలిసి సమబాహు త్రిభుజం. కుర్చీ కాళ్లు ఎక్కడుండాలో నేల మీద పెయింటుతో గుర్తులున్నాయి. మిగతా కుర్చీలు ధ్వనికి అడ్డొస్తాయని వంటింట్లోకి చేరాయి. వచ్చినవాళ్లు చాప మీద కూర్చుని, వంతు వచ్చినప్పుడు కుర్చీ ఎక్కాలి. గోడ మీది పెళ్లి ఫోటోకు అద్దం ఉంది, అద్దం శబ్దాన్ని తిప్పికొడుతుంది. అందుకని అది బీరువాలోకి పోయి, ఆ స్థానంలో అత్తగారు కుట్టిన బొంత వేలాడుతోంది. తన బొంతను అల్లుడు అంత ఎత్తున పెట్టి గౌరవించుకుంటున్నాడని ఆ పెద్దావిడ ఇప్పటికీ చుట్టాలతో చెప్పుకుని మురిసిపోతుంది.

త్యాగరాయ గానసభ ఆయన ఇంటికి నాలుగడుగుల దూరం. పిలిచినా వెళ్లరు. "మైకు బాగోదండీ. పైగా ముందు వరుసలో దగ్గుతారు" అంటారు. ఆయన దగ్గరున్న కచేరీ రికార్డు ఒకదాంట్లోనూ ఎవరో మహానుభావుడు దగ్గుతాడు. ఆ దగ్గంటే మాత్రం ఆయనకు ప్రాణం. కొత్తవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, సరిగ్గా అక్కడ చెయ్యెత్తి, "అదిగో! ఎడమవైపు, మూడో వరుస! మనిషి ఎక్కడ కూర్చున్నాడో తెలిసిపోవడం లేదూ?" అంటారు. తెలిసిందనకపోతే మళ్లీ వేస్తారు.

అసలు వైభవం చూడాలంటే ఆదివారం పూట వెళ్లాలి. ఎర్రగడ్డ సంతలో పాత సామాన్ల మధ్య రికార్డులు వెతుక్కుని, చేతులకు దుమ్ముతో, పదింటికల్లా మిత్రబృందం దిగుతుంది. ఒక్కొక్కరి జేబులో పది ఆల్బమ్‌ల జాబితా. ఈ ఆట ఇంగ్లీషువాళ్లది. ఒంటరి దీవికి ఏ ఎనిమిది రికార్డులు పట్టుకెళతారని పేరున్నవాళ్లను అడిగే కార్యక్రమం బీబీసీ రేడియోలో 1942లోనే మొదలైంది. వాళ్లకేం, హాయిగా చెప్పేస్తారు. మన దగ్గర ఆల్బమ్ అంటే ముప్పాతిక వంతు సినిమాయే. రెండు మంచి పాటల కోసం పట్టుకెళితే, క్లబ్బు పాటా, హాస్యనటుడి పాటా కూడా దీవికి వెంటొస్తాయి. అసలు సినిమా రికార్డును ఆల్బమ్ అనవచ్చునా అన్న చోటే ఉప్మా అయిపోతుంది.

కాఫీ వేళకు తగవు ముదురుతుంది. 1980లో 'శంకరాభరణం', 1982లో 'మేఘసందేశం', 1983లో 'సాగర సంగమం'. కె.వి. మహదేవన్, రమేశ్ నాయుడు, ఇళయరాజా ముగ్గురూ వీటికే జాతీయ స్థాయిలో ఉత్తమ సంగీత దర్శకులు అనిపించుకున్నారు. కేంద్ర ప్రభుత్వమే ఎవర్నీ నొప్పించకుండా తలా ఒకటిచ్చి చేతులు దులుపుకున్న వ్యవహారాన్ని వీళ్లు కాఫీ చల్లారేలోగా తేల్చేయాలని చూస్తారు. మహదేవన్ పక్షాన రిటైర్డ్ లెక్చరర్ గారు. రమేశ్ నాయుడి పక్షాన హోమియో డాక్టరు గారు. ఇళయరాజా పక్షాన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఈ అబ్బాయి ఒకసారి 'హౌ టు నేమ్ ఇట్?' కూడా జాబితాలో రాసుకొచ్చాడు. 1986లో వచ్చిన వాద్య సంగీతం, రాజా గారు త్యాగరాజుకూ బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చారు.

"అందులో పాటలు లేవుగా?" అన్నారు లెక్చరర్ గారు.

"మాటలు లేవండీ. పాటలున్నాయి."

కుర్రాడి మాటకు సభ దద్దరిల్లింది. ఆ ఊపులోనే అతగాడు, దాన్ని మెట్రోలో వస్తూ ఫోనులో వింటుంటానని నోరు జారాడు. సైడ్ బీ గారు అతని భుజం మీద చెయ్యేసి, ఎంతో దయగా, "అందులో సైడ్ ఎప్పుడు మారుతుంది నాయనా?" అని అడిగారు.

"మారదండీ."

"మరి నువ్వెప్పుడు లేస్తావు?"

న్యూజెర్సీ నుంచి డాక్టరు గారి బావమరిది వీడియో కాల్లో వస్తాడు. అతని టర్న్‌టేబుల్ ఖరీదుకు ఘట్‌కేసర్ వైపు స్థలం వచ్చేదని డాక్టరు గారి ఉవాచ. అక్కడ రికార్డు పెట్టి, ఫోను స్పీకరు దగ్గర పట్టుకుని, "బాస్ ఎలా ఉంది బావా?" అంటాడు. ఇక్కడ అది దోమ రొదలా చేరుతుంది. అందరూ తలలూపుతారు. సైడ్ బీ గారు మాత్రం, "కొంచెం ఉబ్బింది, స్పీకరు గోడకు మరీ దగ్గరైందేమో" అంటారు. బావమరిది అరగంట స్పీకర్లు జరిపి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, "ఎలా కనిపెట్టారు సార్!" అంటాడు.

ఇన్ని గంటల్లో ఒక్క పాటైనా చివరిదాకా సాగదు. పల్లవి కాగానే ఎవరో ఒకరు "అక్కడ ఆపండి" అంటారు. సూది లేస్తుంది, వాదన మొదలవుతుంది. ఆ పాటను పూర్తిగా పాడేది పోపు పెడుతున్న ఆవిడ ఒక్కరే. ఆవిడకు ప్రతి చరణం కంఠతా వచ్చు. ఆయనకు పల్లవి దాటితే మాటలు రావు, ఏ చరణం మధ్య ఎన్ని చిటపటలున్నాయో మాత్రం చెప్పగలరు.

ఆ మధ్య ఆయన జాబితాలో మొదటి స్థానానికి కొత్త రికార్డు ఎక్కింది: ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశాకే ఆ రికార్డు విడుదలైంది. ఎల్పీగానో క్యాసెట్‌గానో ఇది లేని తెలుగిల్లు అరుదు, అయినా ఎవరూ దీన్ని తమకిష్టమైన ఆల్బమ్ అని చెప్పుకోరు. ఎందుకో మీకూ తెలుసు. శవయాత్ర బండికీ దానికీ అంత చుట్టరికం కుదిరిపోయింది. ఈ అన్యాయాన్ని సరిదిద్దాలని సైడ్ బీ గారు, గీతలు పడని కాపీ ఒకటి దొరకగానే, తెల్లవారుజామున కిటికీలు తెరిచి పూర్తి శబ్దంతో పెట్టారు. పది నిమిషాల్లో కింది వాటాలవాళ్లు మొహాలు వేలాడేసుకుని మెట్లెక్కారు. వాచ్‌మన్ కుర్చీలు అద్దెకు తెప్పించడానికి షామియానా షాపుకు ఫోను కలిపేశాడు. ఎదురింటాయన పూలదండ కూడా తెచ్చాడు. తలుపు తీసింది సైడ్ బీ గారే కావడంతో అందరి చూపూ ఒక్కసారిగా వంటింటి వైపు తిరిగింది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. "రండి రండి, ఒక్కొక్కరూ కుర్చీలోకి రండి, ఆ గొంతు గదిలో నిలబడ్డట్టు లేదూ!" అని అందరికీ రెండు వైపులా వినిపించి గానీ పంపలేదు. దండ ఏం చేయాలో తెలియక ఎదురింటాయన స్పీకరుకు వేసి వెళ్లాడు.

సైడ్ బీ గారు రికార్డులు ఎరువివ్వరని గిట్టనివాళ్లు అంటారు. పచ్చి అబద్ధం. ఇస్తారు. రికార్డుతోపాటు ఆయనా వస్తారు. మొన్న నేను 'మేఘసందేశం' అడిగితే సంచీలో పెట్టుకుని, ఎండ తగలకుండా గొడుగు పట్టి, నడిచే వచ్చారు. మా ప్లేయరు చూశారు. మా అబ్బాయి పుట్టినరోజుకు కొనిచ్చిన సూట్‌కేసు రకం, మూత తీస్తే రెండు పక్కలా బుల్లి స్పీకర్లు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మంచినీళ్లు అడిగి తాగారు. సంచీని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకున్నారు.

"దీని మీద వేయలేనండీ. నేనే వినిపిస్తాను."

గొంతు సవరించుకుని నోటితో చిన్నగా చిటపటమనిపించారు. తర్వాత వేణువు. తబలా కుర్చీ చేతి మీద. మాటలు రావు గనుక పాటంతా తననాలే. ఒకచోట అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటే కంగారుపడ్డాను. "మా రికార్డులో అక్కడో గీత ఉంది" అని సైగ చేసి, తన మోకాలి మీద తనే చిన్నగా తట్టుకుని ముందుకు సాగారు. ఇంతలో మా ఆవిడ కాఫీ కప్పులతో గబగబా గదిలోకి వచ్చింది. ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టారు.

"మెల్లగా నడవమ్మా, సూది ఎగురుతుంది."