పెద్ద లాయరు దగ్గర చేరకండి

ఏటా వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరవగానే, లా చివరి సంవత్సరం పరీక్షలు రాసిన పిల్లలు మా ఆఫీసు మెట్లెక్కుతారు. వెంట తండ్రో మేనమామో ఉంటాడు. "మా అమ్మాయిని ఏ పెద్ద లాయరు దగ్గర చేర్పించమంటారు మేడమ్?" అని అడుగుతారు. నా జవాబు విని సగం మంది ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతారు. నావి తప్పుడు సలహాలని మా బార్ రూములోనే అనుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ నల్లకోటు వేసుకుంటున్నాను, పిల్లలు నష్టపోవడం కళ్లారా చూశాను. అందుకే ఆ సలహాలనే ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద లాయరు దగ్గర చేరకండి. పేరున్న ఆఫీసులో పది మంది జూనియర్లుంటారు. పదకొండో మనిషిగా మీరు చేరితే కట్టలు మోస్తారు, పొద్దున కేసుల పేర్లు పిలిచే కాల్ వర్క్‌లో నిలబడి "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ, వాయిదా ఇప్పించండి" అంటారు. మూడేళ్లు గడిచేసరికి ఆ ఒక్క వాక్యం బాగా వస్తుంది. ఒక్క సాక్షిని కూడా క్రాస్ చేసి ఉండరు. మీకు కావలసింది ఇద్దరికి మించి జూనియర్లు లేని, ప్రోనోటు దావాలు, భాగపంపకాలు, ఇంజంక్షన్లు, చెక్ బౌన్స్ కేసులు రోజూ నడిపే మామూలు ప్లీడరు. అలాంటివాళ్లను కనుక్కోవడం కష్టమేమీ కాదు. వారం రోజులు ఫైలింగ్ సెక్షన్ దగ్గర నిలబడండి. ఎవరి కాగితాలు అభ్యంతరాలతో తిరిగి రావో అక్కడి క్లర్కులను అడగండి. వాళ్లు చెప్పే పేరు బార్ రూములో పెద్దగా వినపడేది కాకపోవచ్చు. వెళ్లి అక్కడే చేరండి.

చిన్న కోర్టులో మొదలుపెడితే అక్కడే ఉండిపోతామని పిల్లల భయం. టంగుటూరి ప్రకాశం పంతులు గారు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగానే మొదలుపెట్టారు. ఇంగ్లండు వెళ్లి బారిస్టరై రావడం, మద్రాసు హైకోర్టులో వెలగడం ఆ తర్వాతి సంగతులు.

సీనియరు కన్నా ముందు ఆయన గుమాస్తా ఎలాంటివాడో చూసుకోండి. ఈ సలహాకే తల్లిదండ్రులకు ఎక్కువ కోపం వస్తుంది. ఐదేళ్లు లా చదివించింది గుమాస్తా దగ్గర కూర్చోబెట్టడానికా అంటారు. అవును, అందుకే. నా సంగతి చెబుతాను.

చేరిన నాలుగో నెలలో సీనియర్ గారు నా చేతికి ఒక ప్రోనోటు ఇచ్చి దావా తయారు చేయమన్నారు. రెండు రాత్రులు మేలుకుని పదకొండు పేజీలు రాశాను. తీర్పుల పేర్లు పెట్టాను, సాక్ష్యమంతా వివరించాను. గుమాస్తా గారు అద్దాలు సవరించుకుని చదివి, పేజీలన్నీ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడిగారు: "నోటు వెనక్కి తిప్పి చూశారా అమ్మా?"

చూడలేదు. వెనక ఐదు వందలు జమ చేసినట్టు రాసి, కింద ప్రతివాది సంతకం ఉంది. నోటు రాసిన తేదీ నుంచి లెక్కేస్తే మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. బాకీదారుడు గడువులోపలే కొంత చెల్లించి, ఆ జమ తన చేత్తో రాసినా, దాని కింద సంతకం పెట్టినా, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఆ సెక్షన్ నాకు పరీక్షలో వచ్చింది, మంచి మార్కులు కూడా పడ్డాయి. కాగితం వెనక ఉంటుందని మాత్రం తెలియదు. గడువు ఎందుకు దాటలేదో దావాలోనే చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 6 అంటుంది. నా పదకొండు పేజీల్లో ఆ ముక్కే లేదు. అలాగే దాఖలు చేసి ఉంటే కాలదోషం పట్టిందని కొట్టేయమని అవతలి ప్లీడరు మొదటి వాయిదాకే అర్జీ పెట్టేవాడు.

ఆ రాత్రి గుమాస్తా గారు ఎదురుగా కూర్చోబెట్టుకుని దావా మళ్లీ రాయించారు. కోర్టు పేరు, పార్టీల వయసు, తండ్రి పేరు, వృత్తి, ఊరు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది. వ్యాజ్య కారణం ఏ తేదీన, ఎక్కడ పుట్టింది. ఈ కోర్టుకు అధికారం ఎలా వచ్చింది. దావా విలువ ఎంత, కోర్టు ఫీజు ఎంత, ఏం ఇప్పించమంటున్నాం, ఏ కాగితాలు జత చేస్తున్నాం. నాలుగు పేజీల్లో అయిపోయింది. జరిగిన సంగతులే రాయాలి, సాక్ష్యం రాయకూడదని ఆర్డర్ 6 చెబుతున్నదాన్ని, ఆ నంబరు ఎత్తకుండానే, ఎర్ర సిరాతో నా పేరాలు కొట్టేస్తూ నేర్పారు. బట్టా, అంటే సమన్ల ఖర్చు, కట్టడం మరిచిపోతే సమన్లు వెళ్లవని, సమన్లు వెళ్లకపోతే దావా డిస్మిస్ కావచ్చని, అమీనా వెనక్కి తెచ్చిన సమను మీద ఏం రాశాడో ప్రతి వాయిదాకు ముందు చూసుకోవాలని కూడా అప్పుడే తెలిసింది.

ఆ దావా డిక్రీ అయింది. నాకు అసలు చదువు ఆ తర్వాత మొదలైంది. కాబట్టి నా మూడో సలహా: కేసును చివరి నుంచి నేర్చుకోండి. ముందు ఇ.పి.లు, అంటే డిక్రీ అమలు అర్జీలు, తర్వాత ట్రయల్, ఆ తర్వాతే ప్లెయింటు. కాలేజీలో వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. డిక్రీ అమలు దగ్గరికి వచ్చేసరికి సెమిస్టరు అయిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అన్నిటికన్నా పొడవైనది ఆ అమలు గురించి చెప్పే 21వ ఆర్డరు, 106 రూళ్లు. ఆ పొడవే చెబుతోంది, కక్షిదారుడి కష్టం ఎక్కువగా ఎక్కడుందో. డిక్రీ చేతికొచ్చాకే అసలు ఇబ్బందులు మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ నూట యాభై ఏళ్ల కిందటే అంది.

నా మొదటి డిక్రీ తీసుకుని కక్షిదారుడు సంతోషంగా ఇంటికి వెళ్లాడు. ప్రతివాదికి ఉన్నది తాను కాపురముంటున్న ఇల్లు, కౌలు పొలం. అతను రైతు. సొంతంగా సేద్యం చేసుకునే రైతు నివాసముండే ఇంటిని జప్తు చేయకూడదని అదే కోడ్ 60వ సెక్షన్ అంటుంది. ఉద్యోగి అయి ఉంటే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి మిగతాది పట్టుకోవచ్చు, అదీ ఒక డిక్రీకి మొత్తం 24 నెలల వరకే. ప్రభుత్వ పెన్షనయితే ముట్టుకోవడానికే లేదు. దావా వేయకముందే గుమాస్తా గారు కక్షిదారుణ్ని "వాడికేముందయ్యా?" అని అడగడం విన్నాను. ఊరి కబుర్లేమో అనుకున్నాను. అప్పుడే శ్రద్ధగా విని ఉంటే, అతని పేర ఉన్న ఎకరం చెక్క అమ్ముడుపోకముందే దావాతో పాటు ఏ.బి.జె. అర్జీ, అంటే తీర్పుకు ముందే జప్తు కోరే అర్జీ, పెట్టి జప్తు తెచ్చేదాన్ని. ఆ కక్షిదారుడు డిక్రీ కాపీ పట్టుకుని నాలుగేళ్లు తిరిగాడు. అది నా తప్పే. ఇప్పటికీ గుర్తొస్తే మనసు పాడవుతుంది. అందుకే మా ఆఫీసులో చేరే పిల్లలకు మొదటి మూడు నెలలు ఇ.పి. కట్టలే ఇస్తాను.

సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు పరిగెత్తకండి. ఈ మాటంటే నన్ను పల్లెటూరి మనిషిగా చూస్తారు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో వ్యవహారం ఇంగ్లిష్‌లోనే అని నాకూ తెలుసు. ఇంగ్లిష్ కావాలి. అది రోజూ తీర్పులు చదువుతుంటే వస్తుంది. తెలుగు మాత్రం వచ్చనుకుని వదిలేస్తారు, రాదు. గోదావరి జిల్లాల్లో పుంత అన్నదాన్ని గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. ఆంధ్రలో వంద సెంట్లు ఎకరం, తెలంగాణలో నలభై గుంటలు ఎకరం. ఇవి తెలియనివాళ్లు హద్దుల షెడ్యూలు రాస్తే కోర్టు పంపిన కమిషనర్ పొలంలోకి దిగిన రోజు బయటపడుతుంది.

ఒక ఇంజంక్షన్ దావాలో మా తరఫు సాక్షి అరవై ఏళ్ల మనిషి. క్రాస్‌లో ఆమె "ఆ చేను మేమే చేసుకుంటన్నామయ్యా" అంది. టైపయిన ఇంగ్లిష్ వాక్యం మాత్రం వాళ్లు ఆ చేలో పని చేస్తున్నారనే అర్థం ఇచ్చింది. సాగు చేసుకునే హక్కుదారు ఒక్క మాటతో కూలిమనిషి అయిపోయింది. నేను వెంటనే లేచి, సంతకం చేయించే ముందు సాక్షికి తెలుగులో చదివి వినిపించమని కోరాను. దిద్దారు. ఆమె స్వాధీనం ఆ ఒక్క మాట మీద నిలబడింది. నా పక్కన కూర్చున్న జూనియర్ కుర్రాడిది చక్కటి ఇంగ్లిష్. అతనికి తేడా వినపడనే లేదు.

అందుకే లా రిపోర్టుల కన్నా ముందు రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' చదవమంటాను. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన మనిషి ఆయన. బోనులో నిలబడ్డ పేదవాడి మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు తక్కువ. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి. అలాంటి తీర్పులు వచ్చేలా వాదించాల్సింది మీరే. 'స్వాధీనం', 'అనుభవం', 'హక్కు' వేర్వేరు మాటలని ఇప్పుడే తెలుసుకోండి.

డబ్బు సంగతి మొదటి రోజే అడగండి. గురువు దగ్గర జీతం అడగకూడదని మా తరానికి నూరిపోశారు, మేమూ అడగలేదు. అడగకుండా బతికినవాళ్లం ఇంట్లో అన్నం ఉన్నవాళ్లం. కూలి చేసి చదివించిన తల్లుల పిల్లలు రెండేళ్లకే కోటు విప్పేసి వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వాళ్లలో నాకన్నా తెలివైనవాళ్లున్నారు. ఎన్‌రోల్‌మెంటుకే వేలకు వేలు గుంజుతుంటే 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆపింది: అడ్వొకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి తీసుకోకూడదంది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వమని సూచించింది. తప్పనిసరి చేయలేదు, అయినా చేతిలో పట్టుకుని అడగడానికి ఒక కాగితమైతే ఉంది. "ఎంతిస్తారు సార్?" అని వినయంగా అడగండి. ఆ ప్రశ్నకు కోప్పడే సీనియరు దగ్గర మీరు నేర్చుకోగలిగింది తక్కువ.

ఏ శాఖకు భవిష్యత్తుందని అడుగుతారు. సైబరా, పేటెంట్లా, కంపెనీ లా? ఎంచుకోకండి. మొదటి ఐదేళ్లు ఏది వస్తే అది చేయండి. సెక్షన్ నంబర్లు బట్టీ కూడా పట్టకండి. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చిన పొద్దున 420 అనడం అలవాటైన పెద్దలంతా 318(4) కోసం పుస్తకం తిప్పాల్సి వచ్చింది.

ఆడపిల్లలు వస్తే వెంటవచ్చినవాళ్లు రెండు మాటలంటారు: ఫ్యామిలీ కోర్టు కేసులు చూసుకో, లేకపోతే జడ్జి పరీక్ష రాసుకో. రెండూ మానేయమంటాను. హత్య కేసులో ఇన్‌క్వెస్టు రిపోర్టు చదవండి, భూమి కేసులో అడంగల్ చదవండి. పరీక్ష సంగతికొస్తే, సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్, దాని మీద అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ కావాలంది. అప్పటి నుంచి సంతకం కోసం పేరుకు ఒక ఆఫీసులో చేరి, కోచింగ్ గదుల్లో కూర్చునే పిల్లలు కనిపిస్తున్నారు. నా మాట వినండి, మొదటి రెండేళ్లు ఆ పరీక్ష గైడు ముట్టుకోకండి. రేపు మీరు బెంచి మీద కూర్చుంటే, సాక్షి 'చేసుకుంటన్నాం' అన్నప్పుడు దాన్ని ఏ మాటగా రాయిస్తారన్నది ఆ రెండేళ్లలో విన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఉచిత న్యాయ సహాయం కేసులు తీసుకుంటే చవకబారు ప్లీడరన్న పేరొస్తుందని బెదిరిస్తారు. తీసుకోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆ సహాయం దక్కుతుంది. చార్జిషీటు కాపీ నుంచి వాదన దాకా కేసంతా మీ చేతిలోనే ఉంటుంది. సీనియరు ఫైలులో అది పదేళ్లకు గానీ దొరకదు.

మొన్న సోమవారం వచ్చిన అమ్మాయి ఇవన్నీ విని కాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ పిల్ల మాత్రం బల్ల మీదున్న పాత ఇ.పి. కట్ట దగ్గరికి లాక్కుని, పైనున్న ప్రోనోటు నకలును వెనక్కి తిప్పి చూసింది. మర్నాడు పదింటికల్లా రమ్మన్నాను.